కుర్చీలు వేసే వేళ

ఆవిడ పోయిందని తెలిసిన ప్రతివాళ్లూ ఒకటే మాటన్నారు. "అయ్యో, ఎంత మంచి గొంతండీ!"

నిజమే. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల పెళ్లి రిసెప్షన్లలో, ఓణీల ఫంక్షన్లలో, వినాయకచవితి పందిళ్లలో, క్రిస్మస్ సభల్లో ఆవిడ పాట వినని ఊరు ఉండి ఉండదు. కానీ మా మేడమీద పోర్షన్లో అద్దెకున్న మొదటి కొన్నేళ్లలో ఆవిడ మాట్లాడగా నేను విన్నది చాలా తక్కువ. ఆవిడ అనగానే నాకు గొంతు గుర్తుకురాదు. చేతులు గుర్తుకొస్తాయి. తెల్లవారుజామున మా మెట్ల మీద కూర్చుని, చీరలోంచి పిన్నీసులు ఒక్కొక్కటీ తీస్తున్న చేతులు.

ఇల్లు చూడటానికి వచ్చినరోజు ఎండ మండిపోతోంది. జగ్గయ్యపేట ఎండ సంగతి చెప్పక్కర్లేదు, నల్లా తిప్పితే మరిగిన నీళ్లొస్తాయి. ఆ ఎండలో ఆవిడ మెడకి మఫ్లర్ చుట్టుకుని నిలబడింది. పక్కన భర్త, పదేళ్లు నిండని కూతురు. మాట్లాడినదంతా ఆయనే. ఆయనది కోదాడ వైపు. "ఇల్లు మంచిగుందండి. మాకిది చాలు. మావల్ల మీకేం ఇబ్బంది ఉండదు" అన్నాడు. ఆవిడ వంటగది చూసింది, కుళాయి తిప్పి చూసింది, కిటికీ రెక్క మూసి తెరిచి చూసింది. అన్నిటికీ తలూపింది. వెళ్లేటప్పుడు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా అత్తయ్యకి చేతులు జోడించి నవ్వింది.

వాళ్లటు వెళ్లగానే అత్తయ్య నా మీద పడింది. "మూగమనిషికి అద్దెకిచ్చావేంటే? రేపు పైన ఏదన్నా అయితే కేకేసి ఎట్టా పిలుస్తదీ?"

"మూగదో కాదో నాకూ తెలీదత్తయ్యా. మంచివాళ్లలాగే ఉన్నారు."

మరి కొద్దిరోజులకి మా వెనకవీధిలో పెళ్లయింది. సాయంత్రం మైకులో పాట మొదలవగానే అత్తయ్య చెవి అటు పడేసింది. "ఎవరో గానీ, గాజులు మోగినట్టు పాడుతుందే" అంది. పాలు తేవడానికి వెళ్లిన నేను స్టేజీ మీద ఎవరున్నారో చూసి వచ్చి చెబితే నమ్మలేదు. "పోవే. ఆ మూగపిల్లా?" అంది. తర్వాత చాలాకాలం ఆవిణ్ని మా అత్తయ్య ఆ పేరుతోనే పిలిచింది. ఆవిడా అదే తన పేరన్నట్టు తిరిగి చూసేది.

పాట కోసం గొంతుని అలా దాచుకునేది. పెరుగు వేసుకోదు, నిమ్మకాయ పచ్చడి ముట్టదు, ఎండాకాలంలో కూడా ఫ్లాస్కులో వేన్నీళ్లే తాగేది. కూతురికి ఐస్‌క్రీమ్ కొనిచ్చి, అది తింటుంటే కరిగి కారిన చెయ్యి తుడుస్తూ పక్కన కూర్చునేది. ప్రోగ్రాం ఉన్నరోజు, దాని ముందురోజు, అసలు నోరు విప్పదు. కూరగాయల బండి వస్తే బెండకాయ తుంచి చూపించి, ముదిరిందని మొహం చిట్లించి, వేళ్లతోనే బేరమాడేది. బండి అతను తన వాదనా, ఆవిడ వాదనా రెండూ తనే పైకి చెప్పుకుని, చివరికి ఓడిపోయి తూకం వేసేవాడు.

కూతుర్ని కూడా కేకేసి పిలవగా వినలేదు. చప్పట్లే. తిండికి రమ్మని ఒక తీరు, వీధిలోంచి పైకి రమ్మని ఒక తీరు, చదువుకోమని మరో తీరు. మా ఇంట్లో మాక్కూడా అవి అలవాటైపోయాయి. "పిల్లని అన్నానికి పిలుస్తుంది, మనమూ పెట్టుకుందాం పద" అనేది అత్తయ్య. ఆ పిల్ల మాత్రం ఇంట్లో ముగ్గురి మాటలూ తనే మాట్లాడేది. ఇంత గొంతేసుకుని మెట్లు దిగేది.

నా బతుకు ఆ రోజుల్లో బస్సుకీ బడికీ మధ్యలో ఉండేది. నందిగామ హైస్కూల్లో టీచర్ని. తెల్లారకముందే లేచి, అత్తయ్యకి వేన్నీళ్లు పెట్టి, కుక్కరెక్కించి, మావారికీ నాకూ క్యారేజీలు సర్ది, చిల్లకల్లు మీదుగా వెళ్లే బస్సు పట్టుకోవాలి. సాయంత్రం అదే బస్సు. రాత్రి పడుకున్నప్పుడు కూడా కాళ్ల కింద బస్సు కదులుతున్నట్టే ఉండేది. ఏమైనా జబ్బేమోనని రక్తపరీక్షలు కూడా చేయించుకున్నాను. "ఏం లేదమ్మా, రెస్టు తీసుకోండి" అన్నాడు డాక్టర్. ఆ మాటకి మా ఇంట్లో అందరం నవ్వుకున్నాం.

నేను లేచే వేళకి ఆవిడ పాడే ఆర్కెస్ట్రా వ్యాను వచ్చేది. సౌండు బాక్సులు ఎక్కడో దింపేసి, ఈ ఇద్దర్నీ మా గేటు ముందు వదిలి వెళ్లిపోయేది. ఆయన కీబోర్డు భుజాన వేసుకుని, నిద్ర కళ్లతో గోడ పట్టుకుని పైకెళ్లిపోయేవాడు. ఆవిడ కింది మెట్టు మీద కూలబడేది. మొహం మీద మెరుపుల పొడి చెమటకి చారలు కట్టి ఉండేది. జడలో మల్లెపూలు నలిగి గోధుమరంగు తిరిగేవి. నేను టీ గ్లాసు చేతికిచ్చేదాన్ని. తాగినంతసేపూ పిన్నీసులు తీసి పక్కన పెట్టుకునేది. ఆ చీర మీద అన్ని పిన్నీసులు ఎందుకో నాకు ఎప్పటికీ అర్థంకాలేదు.

"ఎట్టా జరిగింది?" అనడిగేదాన్ని.

అంతే, ఆ అలసటలో కూడా చేతులు లేచేవి. మీసం తిప్పి చూపించిందంటే, అడిగిన పాటే మళ్లీ మళ్లీ అడిగే పెద్దమనిషి ఎవరో తగిలాడన్నమాట. రెండు చేతులతో స్టీరింగు తిప్పిందంటే ముక్త్యాల వైపు లారీ ఓనర్ల ఇంట్లో పెళ్లి. బుగ్గలు పూరించి పొట్ట ముందుకి పెట్టి నడిచిందంటే స్టేజీ ఎక్కి మైకు లాక్కుని తనూ పాడతానన్న ఎమ్మెల్యేగారి మనిషి. నేను చీపురు పట్టుకుని గోడకి ఆనుకుని నవ్వేదాన్ని. లోపల కుక్కరు కూతలు పెడుతుండేది. రోజు మొత్తంలో నేను నవ్వింది అప్పుడే అని ఆయాసపడుతూ బస్సెక్కాక తట్టేది.

ఎప్పుడైనా నోరు తెరిచినా గాలి తప్ప మాట రాదు. ఆ గాలితోనే అనేది: "గొంతు నిన్నటి ఊళ్లో వదిలేసొచ్చానక్కా. మధ్యాహ్నానికి వస్తదిలే."

ఒకరోజు నా గొంతు కూడా బొంగురుపోయింది. ముందురోజు పరీక్ష పేపర్లిస్తూ క్లాసులో అరిచాను. ఆవిడ నా మెడవైపు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపింది. అరవొద్దు, ఊరికే నిలబడు, వాళ్లే చూసి ఆగుతారు, అని నిలబడి చూపించింది. నేను వెళ్లి అలాగే నిలబడ్డాను. ఒకటి రెండు రోజులు పిల్లలు భయపడి ఊరుకున్నారు. తర్వాత, మేడమ్‌కి ఒంట్లో బాగాలేదనుకుని మరింత గోల చేశారు. వచ్చి చెబితే, టీ పొలమారేట్టు నవ్వింది. శబ్దం లేకుండా. భుజాలు మాత్రం ఊగాయి.

అన్నీ నవ్వులే కాదు. కూతురు ఎనిమిదో తరగతిలోకి వచ్చాక పైన గొడవలు మొదలయ్యాయి. ఫోను దగ్గర, చదువు దగ్గర, ఎక్కడికో వెళ్తాననే దగ్గర. మాకు కింద గొడవలో ఒక పక్కే వినిపించేది. పిల్ల అరిచేది, ఆగేది, మళ్లీ అరిచేది. ఆ ఆగిన చోటల్లా తల్లి చేతులు ఏదో చెబుతున్నాయని మాకు తెలిసేది.

ఒక ఆదివారం పిల్ల ఏడుస్తూ అన్న మాట మాత్రం నాకింకా చెవుల్లో ఉంది. "ఒక్కసారి నోరు తెరిచి తిట్టమ్మా! ఊళ్లోవాళ్లందరికీ పాడతావు. నాకు మాటే ఉండదా?"

అత్తయ్య పప్పు ఏరుతున్న చేట పక్కన పెట్టేసి, "పాపం" అంది. ఎవరినన్నదో నేనడగలేదు.

ఆ సాయంత్రం ఆవిడ మేడమీద ఉతికిన బట్టలు తీస్తూ కనపడింది. కళ్లు వాచి ఉన్నాయి. మర్నాడు రెండు ప్రోగ్రాములున్నాయని తెలుసు. ఆవిడే పిల్ల గౌను ఒకటి మడతపెట్టి, గుండెకి ఆనించుకుని, గొంతు వైపు వేలు చూపించి, ఆ వేలుని దూరంగా రోడ్డు వైపు తిప్పింది. ఇది నాది కాదక్కా, వాళ్లది, అన్నట్టు.

దాచుకున్నా అది నిలవలేదు. మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యే ముందు గొంతు ఒకసారి పోయి, మధ్యాహ్నానికి రాలేదు. మర్నాటికీ రాలేదు. విజయవాడ తీసుకెళ్లి చూపించారు. స్వరపేటిక మీద చిన్న చిన్న గడ్డలు లేచాయన్నారు. కొన్ని నెలలు పాట ఊసెత్తకూడదు, గుసగుసగా మాట్లాడినా అరిచినంత చేటే అన్నారు. అప్పటికే ఒప్పుకున్న పెళ్లిళ్లు వరసగా ఉన్నాయి.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ మాట ఇక్కడ చెప్పాలి. భార్య అన్నం తినలేక గంజి తాగుతుంటే పక్కన కూర్చుని తనూ గంజే తాగిన మనిషి. ఆయనకి తోచిన ఉపాయం ఏమిటంటే, ఎప్పుడో కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు ఇంట్లోనే మైకు పెట్టి ఆవిడ చేత పాడించి దాచిన పాటలున్నాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. పాట అందులోంచి వస్తుంది, తను కీబోర్డు వాయిస్తున్నట్టు ఉంటాడు, ఆవిడ మైకు ఆపేసి పెదాలు కదిపితే చాలు. దాన్నే వాళ్లు ట్రాకు అనేవాళ్లు.

"ఈ ఒక్క సీజనేనండి, టీచరుగారూ" అన్నాడు నాతో, నేనేదో అడ్డు చెబుతానన్నట్టు. "దాని గొంతుకి రెస్టు దొరుకుతది. మాటిచ్చినోళ్లకి మాట దక్కుతది."

మొదటిసారి అలా పాడి వచ్చిన తెల్లవారుజామున ఆవిడ మెట్టు మీద కూర్చోలేదు. నిలబడే టీ తాగింది. తర్వాత రాసి చెప్పడానికి పలక తీసుకురమ్మన్నట్టు సైగ చేసి, మళ్లీ వద్దని చెయ్యి ఊపి, ఆ పోయిన గొంతుతోనే అంది.

"ఎవరూ కనుక్కోలేదక్కా."

"మంచిదే కదమ్మా. గండం గడిచింది."

తలూపింది. "ఒక్కళ్లు కూడా కనుక్కోలేదు" అని మళ్లీ అంది.

సీజను గడిచింది. ఇంకో సీజను వచ్చింది. ట్రాకుకి అలుపు లేదు, జలుబు చెయ్యదు. పొద్దున ఒక ఊళ్లో, సాయంత్రం ఇంకో ఊళ్లో ఒప్పుకోవడం మొదలుపెట్టాడాయన. ఆవిడ మెల్లగా కోలుకుంది. గొంతు వచ్చింది, కానీ వేరే గొంతు వచ్చింది. బొంగురుగా, బరువుగా, కిందిస్థాయిలో. పైకి ఎక్కబోతే చీలిపోయేది. డాక్టరు ఇంతకంటే రాదన్నాడట. స్టేజీ మీద మాత్రం పాత గొంతే పాడుతూ ఉంది.

దీంతో మా ఇంట్లో జరిగిన వింత ఏమిటంటే, పైనుంచి మాటలు వినిపించడం మొదలైంది.

మొదట ఏదో మగమనిషి అనుకున్నాను. అత్తయ్య తలెత్తి, "పైకెవరొచ్చారే?" అంది. ఎవరూ రాలేదు. ఆవిడే, కూతుర్ని తిడుతోంది. "ఆ ఫోను పక్కన పెడతావా, బయటికి విసిరెయ్యమంటావా? అన్నం ముందు కూర్చుని అదేం చూపు?" అంటోంది. ఆ బొంగురు గొంతులో తిట్టు ఇంకా గట్టిగా తగిలేలా ఉంది. పిల్ల ఎదురుచెప్పింది. తల్లి మళ్లీ అంది. గొడవకి రెండు పక్కలూ వచ్చేశాయి.

మర్నాడు పిల్ల కిందికి దిగి నా దగ్గర ఫిర్యాదు చేసింది. "ఆంటీ, అమ్మ ఒక్కటే వాగుడు. తలనొప్పొస్తోంది." అంటున్నప్పుడు దాని మొహం వెలిగిపోతోంది.

ఇక ఆగలేదు ఆవిడ. కూరగాయల బండి అతనితో ధర దగ్గరే కాదు, వాళ్లావిడ మోకాళ్ల నొప్పుల గురించి కూడా మాట్లాడేది. మా అత్తయ్య పక్కన చేరి ఇద్దరూ సీరియల్ చూస్తూ, అందులో కోడలు చేసేది తప్పా ఒప్పా అని వాదించుకునేవాళ్లు. అత్తయ్యకి అప్పటికి చెవి కాస్త మందగించింది, ఈవిడకి గొంతు సరిగ్గా రాదు. అయినా ఒకరి మాట ఒకరికి అందేది. "మూగపిల్ల కాస్తా వాగుడుకాయ అయింది" అని అత్తయ్య నవ్వేది. అత్తయ్య ఆఖరి ఏడాది ఆ సాయంత్రాలతోనే గడిచింది. నేను బస్సు దిగి వచ్చేసరికి హాల్లోంచి వాళ్లిద్దరి మాటలు వినపడుతుంటే, చెప్పులు విప్పుతూ కాసేపు గుమ్మంలోనే కూర్చుండిపోయేదాన్ని. లోపలికి వెళ్తే పని కనిపిస్తుందని.

అలా బాగానే ఉందనుకుంటుండగా, ఒక తెల్లవారుజామున వ్యాను దిగి వచ్చి మెట్టు మీద కూర్చుంది. టీ ఇచ్చాను. తాగలేదు.

"నిన్న నందిగామలో పెళ్లికొడుకు తండ్రి స్టేజీ మీదకొచ్చాడక్కా" అంది. "శాలువా కప్పి, 'అమ్మా, నీ పాట మా అన్నకూతురి పెళ్లప్పుడు కూడా విన్నా, ఇప్పుడు గొంతు ఇంకా తేరింది, ఏం మందు వాడుతున్నావమ్మా?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వేన్నీళ్లండీ అన్నా." పెద్దగా నవ్వింది. ఇప్పుడు ఆవిడ నవ్వుకి శబ్దం ఉంది. "అనేసరికి మైకులో నా గొంతు విని ఉలిక్కిపడ్డాడు పెద్దాయన. జలుబు చేసిందండీ అని సర్దేశాడు మావారు."

నవ్వు ఆగిపోయింది. టీ మీద తొరక కట్టేదాకా గ్లాసు అలా పట్టుకునే కూర్చుంది.

"ఇరవై రెండేళ్ల పిల్ల పాడుతోందక్కా ఆ పెట్టెలో. దానికి భయమే లేదు. ఎంత పైకైనా పోద్ది. నేను దాని వెనకాల నోరు ఆడిస్తా నిలబడతన్నా. అది నేనే. కానీ దానికి నేను తెలీదు."

కుక్కరు కూత పెట్టింది. "ఉండమ్మా, ఇప్పుడే వస్తున్నా" అని లోపలికెళ్లి, స్టవ్ ఆపి వచ్చేసరికి పైకెళ్లిపోయింది.

ఆ తర్వాత వారం వాళ్లిద్దరూ వాదించుకున్నారు. ఇద్దరి గొంతులూ వినిపించాయి కనక నాకు తెలిసింది. ట్రాకు మానేస్తానని ఆవిడ. మానేస్తే రేపట్నుంచి పిలిచేవాళ్లుండరని ఆయన. చివరికి ఆవిడే ఒక దారి చెప్పింది.

"మొదటి పాట నాకొదిలెయ్. అప్పటికి జనం రారు, కుర్చీలేస్తా ఉంటారు. ఎవరూ వినరు. ఆ తర్వాత నీ ఇష్టం."

"ఎవరూ విననప్పుడు పాడి ఏం లాభం?" అన్నాడాయన.

"లాభమని ఎవరన్నారు?"

అలా కుదిరింది వాళ్ల మధ్య. తర్వాత ఆవిడ చేసిన ప్రతి ప్రోగ్రాంలోనూ మొదటి పాట ఆవిడదే. ఎప్పుడైనా తొందరగా వచ్చిన చుట్టాలు విన్నా, మైకు సరిచేసుకుంటున్నారనుకునేవాళ్లట.

ఆ మొదటి పాట నేను ఒక్కసారి విన్నాను. మా స్కూల్లో పనిచేసే టీచరు కూతురి రిసెప్షన్ నందిగామలో. బడి నుంచి జగ్గయ్యపేట వెళ్లి తయారై మళ్లీ రావడానికి ఓపిక లేదు. స్టాఫ్‌రూములోనే మొహం కడుక్కుని, బ్యాగులో తెచ్చుకున్న చీర కట్టుకుని, తిన్నగా ఫంక్షన్ హాలుకి వెళ్లిపోయాను. ఎండ ఇంకా తగ్గలేదు. హాల్లో ఎవరూ లేరు. పనివాళ్లు కుర్చీలు ఈడ్చి వరసలు కడుతున్నారు. ఒకావిడ టేబుళ్ల మీద గుడ్డలు పరుస్తోంది. వంటల దగ్గర్నుంచి పోపు ఘాటు వస్తోంది. స్టేజీ మీద ఆయన వైర్లు సర్దుకుంటున్నాడు. ఆవిడ నన్ను చూసి చెయ్యి ఊపింది. మైకు చేతిలోకి తీసుకుని, వేలితో తట్టి చూసింది.

పాత సినిమాల్లో ఉండేలాంటి జోలపాట అది. ఆవిడ కళ్లు మూసుకోలేదు, చెయ్యి తిప్పలేదు. ఇంట్లో పప్పు ఏరుతూ పాడుకున్నట్టు పాడింది. పైకి వెళ్లాల్సిన చోట గొంతు చీలబోతే, అక్కడ ఒక ఊపిరి ఆగి, కిందినుంచి అందుకుంది. కుర్చీలు కిర్రుమంటూనే ఉన్నాయి. గుడ్డలు పరుస్తున్నావిడ మాత్రం కాసేపు చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని నిలబడింది. రెండో వరసలో, ఫ్యాను కింద, బ్యాగు ఒళ్లో పెట్టుకుని వింటున్నాను నేను. వింటున్నానా? పల్లవి రెండోసారి వచ్చినట్టు గుర్తు. ఆ తర్వాత గుర్తులేదు.

మెలకువ వచ్చేసరికి హాలు నిండిపోయి ఉంది. సౌండు బాక్సులు గుండెల్లో దబదబలాడుతున్నాయి. పెట్టెలోని పిల్ల హుషారుపాట పాడుతోంది. జనం చప్పట్లు కొడుతున్నారు. స్టేజీ మీద ఆవిడ నవ్వుతూ పెదాలు కదుపుతోంది.

నాకు సిగ్గేసింది. మర్నాడు తెల్లవారుజామున టీ ఇస్తూ, "ఏమనుకోకమ్మా. నిన్న పొద్దున్నుంచీ నిలబడే ఉన్నా. నీ పాటకి నిద్రపోయా" అన్నాను.

"చూసానక్కా" అంది. "మెడ పక్కకి వాల్చేసి, నోరు తెరుచుకుని పడుకున్నారు. ఎవరన్నా లేపుతారేమోనని ఆ పాటే మళ్లీ మొదట్నుంచి పాడా. మావారు తిట్టుకున్నాడు."

"అయ్యో."

"అయ్యో ఏంటి? ఇన్నేళ్లు జోలపాటలు పాడా. ఒక్కళ్లంటే ఒక్కళ్లు పడుకోలేదు." చీర పిన్నీసు ఒకటి తీసి పక్కన పెట్టింది. "మీరు రోజూ అట్టా పడుకుంటే బావుణ్నక్కా. కళ్ల కింద చూడండి, ఎట్టా నల్లబడిపోయాయో."

అత్తయ్య పోయిన తర్వాతి ఏడాది, పిల్ల ఇంటర్ కోసం వాళ్లు నందిగామ మారిపోయారు. నేనెటూ రోజూ అక్కడికే వెళ్తాను కదా, కలుస్తూ ఉండొచ్చు అనుకున్నాం. కలవలేదు. ఒకే ఊళ్లో పగలంతా నేనుండేదాన్ని, ఆవిడ నిద్రపోయేది. అప్పుడప్పుడు ఫోనులో మాట్లాడుకునేవాళ్లం. ఆయాసంగా ఉంటోందక్కా, చూపించుకోవాలి అని ఒకసారి అంది. చూపించుకో అన్నాను. నేను మాత్రం ఏం చూపించుకున్నాను? ఇద్దరం వచ్చే నెల అనుకుంటూ గడిపేశాం.

ఒకరోజు బళ్లో మధ్యాహ్నం భోజనాల వేళ పిల్ల ఫోన్ చేసింది. "ఆంటీ, అమ్మ..." అని ఆగింది. ప్రోగ్రాం నుంచి వచ్చి, మొహం కడుక్కుని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. గుండె ఆగిందన్నారు.

వెళ్లేసరికి వాకిట్లో టెంటు వేశారు. ఆవిణ్ని ఐస్ పెట్టెలో పడుకోబెట్టారు. మెడకి మఫ్లర్ లేదు. ఆ మెడని అలా చూడటం నాకు కొత్తగా ఉంది. ఆర్కెస్ట్రావాళ్లు వచ్చారు, తెలిసినవాళ్లు ఒక సౌండు బాక్సు కూడా తెచ్చి టెంటు గుంజకి ఆనించి పెట్టారు. "ఆవిడ పాటలే వేద్దాం, అన్నా. అంత గొంతున్న మనిషిని ఊరికే ఎట్టా పంపుతాం?" అంటున్నారు ఆయనతో. ఆయన చేతిలో పెన్‌డ్రైవ్ ఉంది. ఇవ్వడానికి చెయ్యి చాచాడు గానీ వదల్లేకపోతున్నాడు. నావైపు చూశాడు. "ఏం చెయ్యమంటరు, టీచరుగారూ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు పిల్ల లేచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి దాని గొంతు కూడా బొంగురుపోయి ఉంది.

"వద్దు నాన్నా. అది వెయ్యొద్దు."

"అదేంటమ్మా, మీ అమ్మ పాటే కదా" అన్నారెవరో.

"మా అమ్మ గొంతు నాకు తెలుసండి" అంది పిల్ల. వెళ్లి మళ్లీ పెట్టె పక్కన కూర్చుంది. ఆయన పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకున్నాడు.

బాక్సు అలాగే ఉండిపోయింది. ఐస్ పెట్టె మోటారు రొద ఒక్కటే వినపడుతోంది. అప్పుడు, చిల్లకల్లులో ఆవిడ ఏటా క్రిస్మస్‌కి పాడే చర్చి నుంచి వచ్చిన ఆడవాళ్లలో ఒక ముసలావిడ చాప మీద సర్దుకుని కూర్చుని, పుస్తకం తెరవకుండానే కీర్తన ఎత్తుకుంది. చాలా పైన ఎత్తుకుంది. రెండో చరణానికి ఆవిడకి గొంతు అందలేదు. చీలి, ఆగిపోయింది. ఆమె పక్కనున్నావిడ ఒక క్షణం చూసి, ఆ చరణాన్నే కిందిస్థాయిలో అందుకుంది. ఒక్కొక్కరే అందరూ ఆ కిందికి దిగారు. ముసలావిడ మళ్లీ కలిసింది. పిల్లా పాడింది. నాకు పాడటం రాదు, అయినా పాడాను. ఆ స్థాయిలో నా గొంతుకి కూడా పాట అందింది.